మూసుకుపోయే కన్ను: మెమరీ వేగం, ఈక్వలైజర్ల వాదం

ఇంటెల్ నాలుగో తరం జియాన్ సర్వర్ ప్రాసెసర్‌లో ఒక్కో మెమరీ చానెల్‌కు ఒకే డీడీఆర్5 మాడ్యూల్ పెడితే, ఒక్కో తీగ మీద సెకనుకు 480 కోట్ల బిట్లు నడుస్తాయి. పరిశ్రమలో దీన్ని 4800 అంటారు. అదే చానెల్‌కు రెండో మాడ్యూల్ తగిలిస్తే వేగం 4400కు తగ్గించుకోవాలి. ఐదో తరం వచ్చేసరికి ఒంటరి మాడ్యూల్ వేగం 5600కు ఎక్కింది. జంట మాడ్యూళ్ల వేగం మాత్రం 4400 దగ్గరే ఉండిపోయింది. ప్రాసెసర్ మెరుగుపడింది, మెమరీ చిప్పూ మెరుగుపడింది. వాటి మధ్యనున్న రాగి తీగ మాత్రం మారలేదు.

ఆ తీగ చెడగొట్టిన సంకేతాన్ని సరిచేసే సర్క్యూట్లే ఈక్వలైజర్లు. 2020 జులైలో వచ్చిన డీడీఆర్5 ప్రమాణం, డీడీఆర్ కుటుంబంలో మొదటిసారిగా, వీటిని మెమరీ చిప్పు లోపలికే తెచ్చింది. సమస్య తీరిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. ఈక్వలైజర్ ఏ రకందై ఉండాలి, ఎక్కడ ఉండాలి, దాని విలువలు ఎవరు నిర్ణయించాలి, అసలు అవసరమే రాకుండా తీగనే మార్చేస్తే పోదా అంటూ నాలుగు వాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. ఒకరు సర్క్యూట్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు బోర్డు గురించి జవాబిస్తున్నారు. ఈ చిక్కు విప్పి చూడవలసిన సమయమిది.

తీగలో ఏం జరుగుతుంది

మామూలు సర్క్యూట్ బోర్డు మీద సంకేతం నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోతుంది. 6400 వేగంలో ఒక బిట్టుకు దక్కే కాలం 156 పికోసెకన్లు. అంటే తీగ మీద ఒక్కో బిట్టు పొడవు 23 మిల్లీమీటర్లకు మించదు. ప్రాసెసర్ నుంచి మాడ్యూల్ దాకా 10 సెంటీమీటర్ల దారి ఉందనుకుంటే, మొదటి బిట్టు గమ్యం చేరేసరికి దాని వెనక మరో నాలుగు బిట్లు బయలుదేరి ఉంటాయి.

బావిలోకి వంగి ఒక మాట అంటే గోడలకు తగిలి తిరిగి వినిపిస్తుంది. ఆగి ఆగి మాట్లాడితే ఇబ్బంది లేదు. గబగబా మాట్లాడితే ముందరి మాట ప్రతిధ్వని వెనక మాటను మింగేస్తుంది. మెమరీ తీగలోనూ ఇదే గొడవ. కనెక్టర్ దగ్గర, బోర్డు పొరల్ని కలిపే రంధ్రం దగ్గర, ఖాళీగా ఉన్న పక్క మాడ్యూల్ కొమ్మ దగ్గర, ఇలా తీగ స్వభావం మారిన ప్రతిచోటా సంకేతంలో కొంత వెనక్కి మళ్లుతుంది. దీనికి తోడు ఎక్కువ పౌనఃపున్యాలను రాగి, బోర్డు పదార్థం పీల్చుకోవడం వల్ల బిట్టు అంచులు అరిగి, తోక పక్క బిట్టు మీద పడుతుంది. మూడోది పొరుగు తీగల గోల. మెమరీ డేటా తీగలు జంటలుగా కాక ఒంటరిగా నడుస్తాయి కనుక ఒకదాని అలజడి ఇంకొకదానికి సులువుగా అంటుకుంటుంది.

ఓసిల్లోస్కోప్ తెర మీద లక్షల బిట్లను ఒకదానిపై ఒకటి పేరిస్తే మధ్యలో కన్ను ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది. ఆ కన్ను తెరుచుకున్నంత మేరే 0కీ 1కీ తేడా తెలుస్తుంది. పై మూడు దోషాలూ కన్నును మూయిస్తాయి. తిరిగి తెరిపించడం ఈక్వలైజర్ పని. అయితే ఈ మూడింటికీ ఒకే మందు లేదు. ఈ రంగంలోని తగాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి.

టెలిగ్రాఫు నుంచి మెమరీ దాకా

జబ్బు పాతది, వైద్యమూ పాతదే. ఆలివర్ హెవిసైడ్ 1887లోనే, తీగకు తగినంత ఇండక్టెన్స్ చేరిస్తే సంకేతం ఆకారం చెడకుండా పోతుందని చూపించాడు. హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫు సిద్ధాంతం రాస్తూ, ఒక గుర్తు మరో గుర్తులో కలవకుండా ఉండాలంటే ఏ షరతులు కావాలో లెక్క కట్టాడు. 1965లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ లక్కీ టెలిఫోను మోడెముల కోసం తనంతట తానే సర్దుకునే ఈక్వలైజర్‌ను వివరించాడు. 1967లో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో ఎం.ఇ. ఆస్టిన్, ఇప్పటికే తేల్చిన బిట్ల సాయంతో రాబోయే బిట్టును శుభ్రం చేయవచ్చని ప్రతిపాదించాడు. ఈనాటి డీడీఆర్5 చిప్పులో ఉన్నది ఆస్టిన్ ఆలోచనే. దాని పేరు డెసిషన్ ఫీడ్‌బ్యాక్ ఈక్వలైజర్, పొట్టిగా డీఎఫ్‌ఈ.

మరి మెమరీ రంగం ఇంతకాలం దాని జోలికి ఎందుకు పోలేదు? పోకుండా నెట్టుకురాగలిగింది కాబట్టి. 2000లో వచ్చిన మొదటి డీడీఆర్ వేగం 200 నుంచి 400. 2003లో డీడీఆర్2 ప్రతిధ్వనిని చిప్పు లోపలే పీల్చుకునే టర్మినేషన్ తెచ్చింది. 2007లో డీడీఆర్3 ఆదేశాల తీగను చెట్టు కొమ్మల్లా చీల్చడం మానేసి చిప్పు తర్వాత చిప్పును తాకుతూ పోయేలా మార్చింది. దానివల్ల వచ్చే కాలభేదాన్ని సరిచేసే రైట్ లెవలింగ్ కూడా తెచ్చింది. 2012లో డీడీఆర్4 వోల్టేజీని 1.2కు దించి, 0కీ 1కీ హద్దుగా నిలిచే వోల్టేజీని చిప్పు లోపలే సర్దుకునే ఏర్పాటు చేసింది. ప్రతి తరమూ ఈక్వలైజర్ అవసరాన్ని ఒక మెట్టు వెనక్కి నెట్టింది. 3200 దాటాక నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఫోన్లకు వాడే ఎల్‌పీడీడీఆర్5 ప్రమాణం 2019 ఫిబ్రవరిలో ఒక ట్యాప్ డీఎఫ్‌ఈతో ముందుగా వచ్చింది. వెనకటి ఒక్కో బిట్టు ప్రభావాన్ని తీసేసే భాగమే ట్యాప్. మరుసటి ఏడు డీడీఆర్5 నాలుగు ట్యాపులు పెట్టింది.

మూడు పనిముట్లు, మూడు పంథాలు

మొదటి పంథావారు పంపేచోటే సరిచేద్దామంటారు. తీగ దేన్ని తగ్గిస్తుందో దాన్ని ముందుగానే హెచ్చించి పంపడం వీరి పద్ధతి. 1997లో విలియం డాలీ, జాన్ పౌల్టన్ సెకనుకు 400 కోట్ల బిట్ల వేగానికి ఇలాంటి సర్క్యూట్‌ను వివరించిన వ్యాసం ఈ పంథాకు ఊతమిచ్చింది. మెమరీకి వచ్చేసరికి దీనికి పెద్ద ఆకర్షణ ఉంది. మెమరీని నడిపే కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ చిప్పులో. అక్కడ ట్రాన్సిస్టర్లు వేగమైనవి, స్థలమూ దొరుకుతుంది. కానీ పంపే వోల్టేజీకి పై హద్దు ఒకటి ఉంది. అంచుల్ని హెచ్చించాలంటే మిగతా భాగాన్ని తగ్గించక తప్పదు. పైగా ఎత్తైన అంచులు పక్క తీగల్లో మరింత గోల రేపుతాయి.

రెండో పంథా అందుకునేచోట ఎక్కువ పౌనఃపున్యాలను హెచ్చించే యాంప్లిఫయర్. తోక పొడవుగా సాగే చానెళ్లలో, సర్వర్లలోని పెద్ద బోర్డుల మీద, ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాని లోపం తేలికగా చెప్పవచ్చు: అది మంచీ చెడూ చూడదు. సంకేతంతో పాటు గోలనూ పెంచుతుంది.

మూడోది డీఎఫ్‌ఈ. అందుకునే సర్క్యూట్ ఒక బిట్టును తేల్చాక, ఆ బిట్టు ప్రతిధ్వని తర్వాతి బిట్ల మీద ఎంత పడుతుందో తెలుసు కనుక అంత వోల్టేజీని తీసేస్తుంది. ఒక బిట్టు వెనకటిదాన్ని తీసేది మొదటి ట్యాప్, రెండు బిట్ల వెనకటిదాన్ని తీసేది రెండోది, ఆ వరసలో మిగతావి. తీసేసేది తేలిపోయిన శుభ్రమైన బిట్టు ఆధారంగా కాబట్టి గోల పెరగదు.

మెమరీ చానెల్ పొట్టిది. అందులో పీల్చుకుపోయే నష్టం కంటే ప్రతిధ్వనుల బెడదే ఎక్కువ. డీడీఆర్5 డీఎఫ్‌ఈ వైపు మొగ్గడానికి మూలకారణం ఇదే, ఆ మొగ్గు సరైనదే. అయితే డీఎఫ్‌ఈకి చేతకానివీ ఉన్నాయి. ఇంకా రాని బిట్టు ముందుగా చాచే నీడను అది తీయలేదు. దానికి పంపేచోటి సవరణే గతి. ఒక బిట్టును తప్పుగా తేలిస్తే తప్పు విలువను తీసేసి, తర్వాతి బిట్టునూ చెడగొట్టవచ్చు. మొదటి ట్యాప్ విలువ ఎంత పెద్దదైతే ఈ గొలుసు ప్రమాదం అంత పెరుగుతుంది. అందుకే పంపేచోట కొద్దిపాటి హెచ్చింపు, అందుకునేచోట డీఎఫ్‌ఈ కలిపి వాడటం ఆచరణలో స్థిరపడింది. 2021లో వచ్చిన ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ ఈ రెండింటినీ జతచేసి వేగాన్ని 8533కు తీసుకెళ్లింది.

నాలుగు ట్యాపులు ఎంతదూరం చూస్తాయి

ట్యాపుల సంఖ్య మీద జరిగే చర్చల్లో ఒక చిన్న లెక్క తరచూ మరుగున పడుతుంది. పక్క మాడ్యూల్ మీద 3 సెంటీమీటర్ల కొమ్మ ఉందనుకుందాం. సంకేతం దాని చివరికి పోయి తిరిగి రావడానికి 6 సెంటీమీటర్లు, అంటే 400 పికోసెకన్లు. 4400 వేగంలో బిట్టు కాలం 227 పికోసెకన్లు, కాబట్టి ఆ ప్రతిధ్వని రెండో ట్యాప్ పరిధిలోకే వస్తుంది. 6400లో రెండున్నర బిట్ల దూరం. 8800లో మూడున్నర. 12,800కు చేరితే అయిదు బిట్లు దాటుతుంది, అంటే నాలుగు ట్యాపుల చేతికి అందదు.

కొమ్మ మారలేదు, ప్రతిధ్వని మారలేదు. వేగం పెరిగిన కొద్దీ అదే ప్రతిధ్వని ఒక్కో ట్యాప్ వెనక్కి జరుగుతోంది. ఇక ప్రాసెసర్‌కూ మాడ్యూల్‌కూ మధ్య 10 సెంటీమీటర్ల దారిలో ఒకసారి పోయి వచ్చే ప్రతిధ్వని 6400లోనే ఎనిమిది బిట్లు దాటుతుంది. దాన్ని ఆపవలసింది టర్మినేషనే. డీఎఫ్‌ఈ వచ్చింది కదా అని టర్మినేషన్‌లో ఉదాసీనంగా ఉంటే అసలుకే మోసం.

బిట్టు కాలంలోపు పూర్తికావాల్సిన పని

సర్క్యూట్ నిపుణుల శ్రమంతా మొదటి ట్యాప్ చుట్టూ తిరుగుతుంది. వోల్టేజీని హద్దుతో పోల్చే కంపారేటర్ బిట్టును తేల్చాలి, ఆ ఫలితం కూడిక జరిగే బిందువుకు చేరాలి, వోల్టేజీ అక్కడ కుదుటపడాలి. తర్వాతి బిట్టును చదివేలోపు ఇదంతా ముగియాలి. 6400లో అందుకు 156 పికోసెకన్లు, 8800లో 114. ప్రాసెసర్ చిప్పులో ఇది కష్టమైన పనే తప్ప అసాధ్యం కాదు. మెమరీ చిప్పు సంగతి వేరు. అక్కడి తయారీ ప్రక్రియ మొత్తం కెపాసిటర్లలో చార్జి కారిపోకుండా చూడటానికి మలచుకున్నది. ట్రాన్సిస్టర్లు నిదానం, లోహపు పొరలు తక్కువ, ధర మీద ఒత్తిడి విపరీతం. నెట్‌వర్క్ చిప్పుల నుంచి డీఎఫ్‌ఈ సర్క్యూట్‌ను తెచ్చి మెమరీ చిప్పులో అతికిస్తే పనిచేయదని చెప్పడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు.

మొదటి ఉపాయం పనిని పంచడం. వచ్చే బిట్లను నాలుగు కంపారేటర్లు వంతులవారీగా అందుకుంటే ఒక్కోదానికి నిదానంగా తేల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మెమరీ చిప్పుల్లో ఇది బాగా వాడుకలో ఉంది. కానీ మొదటి ట్యాప్ గడువు దీనివల్ల సడలదు. ఒక కంపారేటర్ ఫలితం పక్కదానికి ఒక్క బిట్టు కాలంలోనే అందాలి. వంతులు ఎన్ని పెట్టినా ఈ గడువు అంతే.

రెండో ఉపాయం గడువునే తప్పించుకుంటుంది. వెనకటి బిట్టు 0 అనుకుని ఒక కంపారేటర్, 1 అనుకుని మరొకటి ముందే తేల్చిపెడతాయి. అసలు సంగతి తెలిశాక రెండింటిలో ఒకటి ఎంచుకుంటే సరి. బెల్ ల్యాబ్స్‌లో సంజయ్ కస్తూరియా, జాక్ వింటర్స్ 1991లో ఈ దారి చూపించారు. అదే ఏడాది కేశబ్ పార్హి కూడా ఇలాంటి నిర్ణయ వలయాలను పైప్‌లైన్ చేసే పద్ధతులు రాశాడు. ధర మాత్రం గట్టిది. ఒక ట్యాప్‌కు కంపారేటర్లు రెట్టింపు, రెండు ట్యాపులకు నాలుగింతలు. మొదటి ట్యాప్‌కే దీన్ని పరిమితం చేసి, మిగతావాటిని మామూలుగా వెనక్కి పంపడం మధ్యేమార్గంగా నిలిచింది.

మూడోది కూడికను కంపారేటర్‌లోనే కలిపేయడం. విడిగా కూడిక దశ పెడితే అది నిరంతరం కరెంటు తాగుతుంది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్ పేరుతో ప్రసిద్ధమైన లాచ్ సర్క్యూట్‌లో అదనపు ట్రాన్సిస్టర్ జతలు చేరిస్తే, బిట్టును తేల్చే ఆ క్షణంలోనే ట్యాప్ విలువ కూడా కలిసిపోతుంది. గడియారం కొట్టినప్పుడే కరెంటు వాడకం. ఇది చిన్న పొదుపుగా కనిపించవచ్చు. 16 డేటా తీగలున్న చిప్పులో తీగకు నాలుగు వంతులు, వంతుకు నాలుగు ట్యాపులు లెక్కేస్తే 256 ట్యాప్ సర్క్యూట్లు అవుతాయి. ఒక్కోదానిలో మిగిలే కొద్దిపాటి కరెంటుకు విలువ వస్తుంది. దీని వెనకే కొత్త చికాకులూ వస్తాయి. ట్రాన్సిస్టర్ల మధ్య అసమానతల వల్ల కంపారేటర్ ఒక పక్కకు మొగ్గుతుంది. లాచ్ బిట్టును తేల్చిన ప్రతిసారీ ఇన్‌పుట్ మీదికి ఎదురుతన్ను వస్తుంది. జతలు పెరిగిన కొద్దీ ఈ రెండూ పెరుగుతాయి.

ఇంకో దారి కూడా పరిశోధనల్లో నలుగుతోంది. కంపారేటర్ పూర్తిగా తేల్చకముందే, అది ఎటు మొగ్గుతోందో ఆ అసంపూర్ణ వోల్టేజీనే తర్వాతి దశకు పంపడం. కాలం కలిసొస్తుంది. సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు మొగ్గు కూడా బలహీనంగానే ఉంటుంది, కాబట్టి సవరణ సరిపోదు. పొడవైన తోకను ఒకే కెపాసిటర్, ఒకే రెసిస్టర్ తగ్గుదలతో తుడిచేసే డీఎఫ్‌ఈ కూడా ఉంది. నష్టం ఎక్కువున్న తీగలకు అది చక్కని జవాబు. అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చే ప్రతిధ్వనులకు మాత్రం అక్కరకు రాదు.

మెమరీకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. నెట్‌వర్క్ తీగలో బిట్లు ఆగకుండా ప్రవహిస్తాయి. మెమరీ తీగలో డీడీఆర్5 పద్ధతి ప్రకారం 16 బిట్ల గుంపులుగా వచ్చి ఆగుతాయి, దిశ మారుతుంది, గమ్యం మారుతుంది. గుంపులో మొదటి బిట్టుకు ముందేముందని డీఎఫ్‌ఈ అనుకోవాలి? ఖాళీగా ఉన్న తీగ టర్మినేషన్ వల్ల పై వోల్టేజీ దగ్గర నిలుస్తుంది గనుక 1 అనుకోవచ్చు. కానీ అంతకు ముందు గుంపు అదే తీగ మీద వేరే ర్యాంకుకు, అంటే కలిసి పనిచేసే మరో చిప్పుల వరుసకు, వెళ్లి ఉంటే? ఆ బిట్లను ఈ చిప్పు చదవనేలేదు, వాటి ప్రతిధ్వని మాత్రం తీగ మీద తిరుగుతూ ఉంటుంది. తనకు తెలియని చరిత్రను డీఎఫ్‌ఈ తుడవలేదు. గుంపుల మధ్య విరామం ఇస్తే ప్రతిధ్వని అణుగుతుంది, అయితే ఆ మేరకు వేగం నష్టం.

ట్యాప్ విలువలు ఎవరు నిర్ణయించాలి

సర్క్యూట్ ఎంత నాజూకైనదైనా, ట్యాప్ విలువ తప్పైతే అది కన్ను తెరిపించదు, ఇంకా మూస్తుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఇప్పటి అసలు కొరత ట్యాపులది కాదు, వాటికి సరైన విలువలు కనిపెట్టి నిలబెట్టే తెలివిది. చర్చల్లో దీనికి దక్కుతున్న చోటు చాలా తక్కువ.

నెట్‌వర్క్ చిప్పులు తమ విలువలను తామే సర్దుకుంటాయి. 1960లో విడ్రో, హాఫ్ చూపిన పద్ధతి తాలూకు సరళ రూపాలు వాటిలో రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. మెమరీ చిప్పులో అలాంటి యంత్రాంగం పెట్టే చోటు లేదు. కంట్రోలర్ ఒక నమూనా రాస్తుంది, తిరిగి చదువుతుంది, తప్పొప్పులు లెక్కిస్తుంది, చిప్పు రిజిస్టర్లలో విలువ మార్చి మళ్లీ రాస్తుంది. తప్పులు దిద్దే సదుపాయమున్న సర్వర్ మాడ్యూల్‌లో డేటా తీగలు 80. ఒక్కోదానికి నాలుగు ట్యాపులు, ఆపైన హద్దు వోల్టేజీ, కాలం సర్దుబాటు. అన్నీ ఒకదానిమీద ఒకటి ఆధారపడినవే. కొత్తగా డీడీఆర్5 బిగించిన కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర చాలాసేపు నల్లగా ఉండిపోతుంది. ర్యామ్ పాడైందేమోనని కంగారుపడి పీకి మళ్లీ పెట్టేవారుంటారు. లోపల జరుగుతున్నది ఈ శిక్షణే.

ఇందులో రెండు వర్గాలు. ఒక వర్గం ఒక్కో విలువనూ మార్చి చూస్తూ కన్ను ఎక్కువ తెరుచుకున్న చోట ఆగుతుంది. నమ్మకమైన పద్ధతే, కాలం తింటుంది. ఒక స్థానిక శిఖరం మీద ఆగిపోయి అసలు శిఖరాన్ని చూడకపోయే ప్రమాదమూ ఉంది. రెండో వర్గం ఒంటరి బిట్టు ఒకటి పంపి, తర్వాతి స్థానాల్లో దాని తోక ఎంత ఎత్తు ఉందో కొలిచి, ఆ కొలతనే ట్యాప్ విలువగా రాస్తుంది. వేగంగా ముగుస్తుంది, కానీ కంపారేటర్ మొగ్గు, పొరుగు తీగల గోల కొలతలో కలిసిపోతాయి. కొలతతో మొదలుపెట్టి వెతుకులాటతో ముగించడం తెలివైన పని. యంత్రాభ్యాస పద్ధతులతో వెతుకులాటను కుదించే పరిశోధనలు వస్తున్నాయి గాని, వాటి ఫలితాలు ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు ఎంతవరకు బదిలీ అవుతాయన్నది ఇంకా తేలవలసిందే.

శిక్షణ ముగిశాక ఏమవుతుంది? వేసవి మధ్యాహ్నం వేడెక్కిన పెట్టెలో ట్రాన్సిస్టర్ల వేగం మారుతుంది, బోర్డు నష్టం మారుతుంది. సంకేతాల కాలం పక్కకు జరగడాన్ని పసిగట్టే చిన్న ఓసిలేటర్ డీడీఆర్5 చిప్పులో ఉంది. ట్యాప్ విలువలు పాతబడ్డాయని చెప్పేది మాత్రం ఏదీ లేదు. ఉదయం చల్లదనంలో నేర్చుకున్న విలువలతోనే రోజంతా నడవాలి. మళ్లీ శిక్షణ ఇస్తే మెమరీని కాసేపు ఆపాలి. సర్వర్‌లో ఆ కాసేపటికి విలువ ఎక్కువ.

మెట్లు పెంచినవారు

గ్రాఫిక్స్ మెమరీ వేరే దారి పట్టింది. బిట్టు కాలాన్ని ఇంకా కుదించలేనప్పుడు ఒక్కో గుర్తులో ఎక్కువ సమాచారం ఎక్కించవచ్చు కదా అన్నది వారి వాదం. 2020లో మైక్రాన్, ఎన్విడియా కలిసి తెచ్చిన జీడీడీఆర్6ఎక్స్‌లో నాలుగు వోల్టేజీ మెట్లు వాడారు. 2024 మార్చిలో వచ్చిన జీడీడీఆర్7 ప్రమాణం ఒక మెట్టు తగ్గించి మూడు చాలంది. రెండు గుర్తుల్లో తొమ్మిది కలయికలు వస్తాయి; వాటిలో ఎనిమిది వాడుకుని మూడు బిట్లు పంపుతారు. సెకనుకు 2,800 కోట్ల బిట్లు పంపాలంటే రెండు మెట్ల పద్ధతిలో బిట్టుకు 36 పికోసెకన్లే దక్కుతాయి. మూడు మెట్లలో గుర్తుకు 54 దొరుకుతాయి.

వెనక్కి తగ్గడంలో ఇంగితం ఉంది. నాలుగు మెట్లలో ఒక్కో కన్ను ఎత్తు మూడో వంతుకు పడిపోతుంది, అంటే 9.5 డెసిబెళ్ల నష్టం. మూడు మెట్లలో సగానికే, 6 డెసిబెళ్లు. ఈక్వలైజర్ ఖర్చూ అలాగే ఉంటుంది. మొదటి ట్యాప్‌ను ముందే ఊహించే పద్ధతికి రెండు మెట్లలో 2 కంపారేటర్లు చాలు. మూడు మెట్లకు 6, నాలుగింటికి 12 కావాలి. మెట్లు పెంచితే ఈక్వలైజర్ అవసరం తగ్గుతుందని కొందరు అంటారు. గడువు సడలే మాట నిజమే, మిగిలిపోయిన ప్రతిధ్వనిని ఓర్చుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. కనెక్టర్లు, కొమ్మలు లేకుండా చిప్పుకు చిప్పు నేరుగా కలిసే గ్రాఫిక్స్ కార్డులో ఈ బేరం గిట్టుబాటైంది. మాడ్యూళ్లు మార్చుకునే ప్రధాన మెమరీకి గిట్టుతుందన్న ఆధారం ఇప్పటికైతే కనిపించదు. 2025 జులైలో వచ్చిన ఎల్‌పీడీడీఆర్6 కూడా రెండు మెట్లతోనే సాగింది.

తీగనే మార్చినవారు

ఇంకో వర్గం ఈక్వలైజర్‌ను రోగానికి కాక లక్షణానికి ఇచ్చే మందుగా చూస్తుంది. 2013లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌బీఎం వారి గట్టి ఉదాహరణ. చిప్పుల్ని దొంతరగా పేర్చి, ప్రాసెసర్ పక్కనే సిలికాన్ పలక మీద పెట్టి, కొన్ని మిల్లీమీటర్ల దూరానికి 1024 తీగలు వేశారు. 2025 ఏప్రిల్ నాటి హెచ్‌బీఎం4లో తీగలు 2048, ఒక్కోదాని వేగం సెకనుకు 800 కోట్ల బిట్లు. తీగ పొట్టిది కాబట్టి బరువైన ఈక్వలైజర్ అవసరం రాదు. బదులుగా ధర, వేడి, కొన్నాక మెమరీ పెంచుకునే వీలు లేకపోవడం.

మధ్యలో బఫర్ చిప్పు పెట్టి తీగను విడగొట్టాలన్న ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. 2006 ప్రాంతంలో ఇంటెల్ సర్వర్లలో వచ్చిన ఎఫ్‌బీ డిమ్ మాడ్యూళ్లు వేడికీ ఆలస్యానికీ తట్టుకోలేక ఒకటి రెండు తరాల్లోనే తెరమరుగయ్యాయి. మైక్రాన్ 2011లో ప్రకటించిన హైబ్రిడ్ మెమరీ క్యూబ్‌ను 2018లో వదిలేసింది. ఆ ఓటములు చూసి బఫర్ వాదం ముగిసిందనుకోవడం పొరపాటు. 2024లో జియాన్ 6తో వచ్చిన ఎంఆర్‌డిమ్ రెండు ర్యాంకుల్ని చెరి 4400 వేగంతో నడిపి, మాడ్యూల్ మీది బఫర్లలో కలిపి, ప్రాసెసర్ వైపు 8800 చేస్తుంది. మెమరీ చిప్పు నిదానంగానే నడుస్తుంది. వేగమైన తీగను చూసుకునే భారం లాజిక్ ప్రక్రియలో తయారైన బఫర్ చిప్పుది. ఈక్వలైజర్‌ను చేతనైన చోటికి మార్చిన ఈ పంపకం ఇటీవలి పరిణామాలన్నిటిలో గమనించదగ్గది. సామాన్యుడి ల్యాప్‌టాప్ ధరకు అది అందుతుందా అన్నది వేరే ప్రశ్న.

ల్యాప్‌టాప్‌ల వైపు 2023 డిసెంబరులో వచ్చిన క్యామ్2 ప్రమాణం నిలబెట్టే మాడ్యూల్‌ను పడుకోబెట్టి దారిని పొట్టి చేసింది. మాడ్యూల్ మార్చుకునే వీలూ పోలేదు.

కనిపించని కన్నును కొలవడం

డీఎఫ్‌ఈ చిప్పు లోపల చేరాక కొలతల పునాదే కదిలింది. చిప్పు కాలి దగ్గర ప్రోబ్ పెట్టి చూస్తే కన్ను మూసుకునే ఉండవచ్చు; లోపల, ట్యాపులు పనిచేశాక, బాగానే తెరుచుకుని ఉండవచ్చు. అందుకే డీడీఆర్5లో చిప్పు తాను తేల్చిన బిట్లను బయటికి తిరిగి పంపే లూప్‌బ్యాక్ కాళ్లు పెట్టారు. అత్యంత అరుదైన తప్పుల స్థాయిని నేరుగా లెక్కించడం కుదరదు కనుక గణాంక నమూనాల మీద ఆధారపడతారు. 2008 నుంచి నెట్‌వర్క్ తీగలకు వాడుకలో ఉన్న ఐబిస్ ఏఎంఐ నమూనాలే ఇక్కడికీ వచ్చాయి. అవి పైకి లేచే అంచు, కిందికి దిగే అంచు ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీద కట్టినవి. ఒంటరి తీగల మెమరీలో ఆ రెండూ ఒకేలా ఉండవు. నమూనా చెప్పిన కన్నుకూ ల్యాబ్‌లో దొరికే కన్నుకూ మధ్య వచ్చే తేడాను పూడ్చుకోవడం చిప్పు పరీక్షించే ఇంజనీర్లకు నిత్యకృత్యం. 2019 నుంచి హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రాన్ లాంటి సంస్థల వల్ల ఈ మాటలు తెలుగు ఇంజనీర్లకూ పరాయివి కావు.

ఇంకా తేలనివి

తప్పుల గొలుసును ఎక్కడ ఆపాలన్నది ఒకటి. 2022 జనవరి నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 6.0 తప్పులు దిద్దే కోడ్‌ను తీగ మీదికే తెచ్చింది. దాని ఆలస్యం రెండు నానోసెకన్ల స్థాయిలో ఉన్నా, మొదటి మాట కోసం 14 నానోసెకన్ల దగ్గర పోటీపడే మెమరీకి అది కూడా బరువే. డీడీఆర్5లో ఉన్న సీఆర్‌సీ తప్పును పట్టుకుంటుంది, దిద్దదు, మళ్లీ పంపించమంటుంది. నెట్‌వర్క్ చిప్పుల్లా సంకేతాన్ని అంకెలుగా మార్చి లెక్కలతో శుభ్రం చేసే పద్ధతికీ ఇదే అడ్డంకి. ఆలస్యాన్నీ కరెంటునూ కలిపి చూస్తే ప్రధాన మెమరీ దాన్ని భరించే స్థితిలో లేదు.

ట్యాపుల సంఖ్య మీద తగువు ఇక ముందూ నడుస్తుంది. 12,800 వేగంలో 3 సెంటీమీటర్ల కొమ్మ ప్రతిధ్వని అయిదో బిట్టు అవతలికి పోతుందని ముందే చూశాం. అయిదో ట్యాప్ పెడితే అది కొంతమేర అందుతుంది. 16 తీగల చిప్పులో అందుకు మరో 64 ట్యాప్ సర్క్యూట్లు కావాలి, శిక్షణకు మరో 16 విలువలు చేరతాయి. లేదా కొమ్మను 7 మిల్లీమీటర్లు తగ్గించాలి. 2.3 సెంటీమీటర్ల కొమ్మ ప్రతిధ్వని 307 పికోసెకన్లలో తిరిగొస్తుంది, ఇప్పుడున్న నాలుగు ట్యాపుల్లోనే ఇముడుతుంది. మొదటిదాని ఖర్చు ప్రతి మెమరీ చిప్పు తయారీదారు మీద, ప్రతి చిప్పులోనూ పడుతుంది. రెండోదాని ఖర్చు మాడ్యూల్‌నూ కనెక్టర్‌నూ బోర్డునూ మళ్లీ గీసేవారి మీద, ఒక తరానికి ఒకసారి పడుతుంది.